నీళ్లు నిండానే ఉండాయి

కుప్పం,
6 జూలై 1998

మునిరాజు బావకు,

ఫోను చేద్దామనుకున్నాను. కానీ నీ లేత్ షాపు రొదలో నీ చెవులు సగం పోయాయి. నేను అరవాలి, నువ్వు "ఆఁ? ఆఁ?" అనాలి, మా హెడ్మాస్టరు గదిలో కూర్చున్నవాళ్లంతా వినాలి. అందుకే ఈ కాగితం. దీని మీద ఎంత అరిచినా తలనొప్పి నీ ఒక్కడికే.

నిన్న పుంగనూరు వెళ్లాను. అమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో, చెనక్కాయ మూటల పక్కన, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన నేల మీద పడుకుని మన ఆస్టిన్ కారు కిందికి తొంగి చూస్తున్నాడు. పేరు రాజగోపాల్. బెంగుళూరులో పాత కార్ల క్లబ్బు ఒకటి ఉందట, దానికి కార్యదర్శి. సోమలలో పెళ్లికి వచ్చి, ఎవరో చెబితే ఇటు వచ్చాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ ఏమన్నాడో విను. "ఇంజను ఒరిజినలే కదమ్మా? బ్లాకు మీద నంబరు, ఆర్సీ పుస్తకంలో నంబరు ఒకటైతే డిసెంబరు ర్యాలీలో ముందు వరసలో నిలబెడతాం. లేకపోతే ఇది పాత రేకు, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు నొప్పులు పడేవాళ్లనూ, పాము కరిచినవాళ్లనూ, పెళ్లిబృందాలనూ మోసిన టాక్సీ అది! ఈ జిల్లాలో ఒక ఆడమనిషి, అందులోనూ మొగుడు పోయిన ఆడమనిషి, అద్దె కారు నడిపి కూతురికి బి.ఎడ్. చెప్పించిన బండి. జమీందార్లు ఎక్కి దిగిన కార్లకు పూలదండలు వేసుకునే క్లబ్బు వచ్చి దీని పుట్టుక అడుగుతుందా? నాలుగు మాటలు అందామని నోరు తెరిచాను. అమ్మ నాకంటే ముందే అనేసింది.

"ఇంజను అదే సామీ. పగిలుండాది. మా మేనల్లుడు మదనపల్లిలో ఉండాడు, వాడు బాగు చేస్తాడు. బండి నేనే తోలుకొని వస్తా."

అరవై ఎనిమిదేళ్ల మనిషి! 

నీకు గుర్తు చెయ్యక్కర్లేదు, అయినా చేస్తాను. 1977లో సోమల నుంచి కాన్పు కేసు ఎక్కించుకుని వస్తుంటే గుట్టదారిలో ఇంజను మరిగి పొగలు కక్కింది. వెనక సీట్లో ఆ పిల్ల కేకలు. చల్లారేదాకా ఆగే వ్యవధి లేక అమ్మ చేదబావి నీళ్లు పోసింది. కాలిన ఇనుము 'టప్'మని పగిలింది. ఆ పిల్లను లారీలో ఎక్కించారు, తల్లీ బిడ్డా క్షేమం. కానీ పుంగనూరు టాక్సీ స్టాండు మొత్తం తీర్పు చెప్పేసింది, పొద్దున రేడియేటర్లో నీళ్లు చూసుకోలేదనీ, ఆడదాని డ్రైవింగ్ ఇంతేననీ. అమ్మ ఒకటే మాట చెప్పింది, "నీళ్లు నిండానే ఉండాయి" అని. ఒక్కడూ నమ్మలేదు. అమ్మ మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

ఇన్నేళ్లలో మూడు తాలూకాల లారీ ఇంజన్లన్నీ నీ షాపుకొచ్చాయి. మీ అత్త కారు దగ్గరికి మాత్రం నీ స్పానరు రాలేదు. యాల, ఎందుకని అడుగుతున్నాను. వచ్చి ఇంజను దించు.

కమలాక్షి


మదనపల్లె,
14 జూలై 1998

కమలాక్షికి,

నీ అరుపు అందింది. పోస్టుమాన్ దూరం నుంచే కవరు చూపించి నవ్వాడు.

అత్త కారు నేను ముట్టుకోకపోవడానికి కారణం ఏముంది, తీరిక లేదు. వేరుశెనగ పోయి టమేటా వచ్చినప్పటి నుంచి లారీలకు విశ్రాంతి లేదు, వాటితో పాటు నాకూ లేదు.

అసలు సంగతి చెబుతా. ఆ బ్లాకు పోత ఇనుము. నాలుగు సిలిండర్లూ, వాటి చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ, అన్నీ కలిపి ఒకే పోత. దాని పక్క గోడ జానెడు పగిలింది. వెల్డింగు పెడితే వేడికి ఆ పక్కన ఇంకొకటి పగులుతుంది. అతుకులు వేసి చేసినా నెలలు పడుతుంది, నిలుస్తుందన్న నమ్మకం లేదు. కోయంబత్తూరు పాత ఇనుము అంగట్లో ఇదే మోడల్ బ్లాకు, పగులు లేనిది, ఉన్నట్టు కనుక్కున్నాను. నేనే పోయి తెస్తాను. నంబరంటావా, నా దగ్గర అంకెలు కొట్టే ఉలులు ఉన్నాయి. అరగంట పని. టోపీ ఆయన కాదు, ఆ ఇంజను పోత పోసినవాడు లేచి వచ్చినా కనిపెట్టలేడు.

పాత బ్లాకు విప్పే పనే వద్దు. అట్లాగే తూకానికి వేసేద్దాం. అత్తకు నువ్వే నచ్చజెప్పాలి. వాదనలో నిన్ను మించినవాళ్లు చిత్తూరు జిల్లాలో లేరు కదా.

మునిరాజు


కుప్పం,
19 జూలై 1998

బావా,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను! ఇన్నేళ్లకు నువ్వు ఒక విప్లవాత్మకమైన పని తలపెట్టావు. ఆలోచించు, అసలు ఈ నంబరు అంటే ఏమిటి? ఏ ఊళ్లో పుట్టావు, ఏ పోతలో పోశారు, ఏ ముద్ర వేశారు? కులం కాకపోతే ఏమిటిది? మనుషుల దగ్గర ఊడుతోందనుకున్న రోగాన్ని ఈ క్లబ్బులు ఇనుముకు అంటిస్తున్నాయి. పని చేసే ఇంజను గొప్పదా, పుట్టిన ఇంజను గొప్పదా? కొట్టు నంబరు! సుత్తి నేను పట్టుకుంటాను. ముందు వరసలో దర్జాగా నిలబెట్టి, బహుమతి పుచ్చుకుని, తర్వాత నిజాన్ని మేం కొందరం నడిపే పత్రికలో రాసి వాళ్ల పరువు తీస్తాను.

రేపు పుంగనూరు వెళ్లి అమ్మకు చెప్పి వచ్చి ఈ ఉత్తరం ముగిస్తాను.

20వ తేదీ.

వెళ్లాను. ఓడిపోయి వచ్చాను.

అంతా విన్నది. ఆకూ వక్కా నములుతూ విన్నది. నేను కులం గురించి చెప్పిన వాదన మొత్తం విన్నది. "నంబరు కొడతాడంటనా? రేపు నా ఏలిముద్ర గూడా కొడతాడా వాడు?" అంది.

"అది కాదమ్మా, ఇనుము ఇనుమే కదా" అన్నాను.

"ఏమ్మే కమలా, నువ్వు శానా సదివినావు, గమ్మున ఉండి నా మాట ఇను. ఆ పొద్దు నేను తోలింది ఆ ఇంజనునే. నీళ్లు నిండానే ఉండాయని నేను సెప్పింది దాన్ని గురించే. యాడిదో ఇంకొక ఇంజను తెచ్చి పెడితే అది నా గురించి ఏం సెప్తాది?"

ఆ మాట దగ్గరే ఓడిపోయాను. నేను! అంతటితో ఆగిందా? వక్కాకు సంచీలోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఒక పుస్తకం తీసింది. డ్రైవింగ్ లైసెన్సు. 1977 తర్వాత కూడా ప్రతిసారీ రెన్యువల్ చేయించుకుంటూనే ఉంది బావా. పోయిన ఏడు కూడా. చిత్తూరికి కంటి డాక్టరు దగ్గరికని బస్సెక్కేది, గుర్తుందా? ఇందుకు. ఇన్నేళ్లుగా కన్నకూతురికి చెప్పలేదు.

కాబట్టి నా తీర్పు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ బ్లాకే. ఆదివారం ట్రాక్టరుకు కట్టి కారు నీ షాపుకు పంపుతోంది. గేటు తీసిపెట్టు.

కమలాక్షి


మదనపల్లె,
23 ఆగస్టు 1998

కమలాక్షికి,

గేటు తీసిపెట్టాను. కారుతో పాటు అత్త కూడా ట్రాక్టరులో దిగుతుందని నువ్వు రాయలేదు.

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు పొద్దున పుంగనూరు బస్సులో వచ్చి, నా గ్రైండింగ్ మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటోంది. పని చెయ్యనిస్తుందా? "ఆ నట్టు యాడ పెట్టినావు? ఆ బోల్టు ఈడిది గాదు." పనివాళ్లు నాకంటే ఆమెకే ఎక్కువ భయపడుతున్నారు.

ఇంజను దించాం. హెడ్డు ఊడదీశాం. పగులు ఎంతవరకు పోయిందో కంటికి కనపడదు. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి రాశాను. ఐదు నిమిషాలకు తెల్లటి పొడి మీద తడి గీత పైకి లేచింది. మేనత్త చేతి మీద నరం లేచినట్టు లేచింది. ఆ గీత పాకి పాకి ఎక్కడ ఆగిందనుకున్నావు? ఇంజను నంబరు చివరి అంకె ఏడు. దాని కింద గోరు మందం దూరంలో! ఇంకొక్కసారి మరిగి ఉంటే నంబరు చీలిపోయేది. 

తర్వాత నీళ్లు తిరిగే ఖాళీలోకి చూశాను. మూసుకుపోయి ఉంది. నల్లగా, గట్టిగా, రాయి మాదిరి. తుప్పు అన్నాను. చింతపండు పులుసు కాచి పోసి నాలుగు రోజులు నానబెట్టాను, మామూలుగా చేసే పనే. ఐదో రోజు కమ్మీతో పొడిస్తే పెల్లలు పెల్లలుగా రాలింది. అత్త ఒక పెల్ల తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. వాసన చూసింది. వెలుతురులో పెట్టి చూసింది.

"రే మునీ, ఇది తుప్పు గాదు. అడుగంటిన సంగటి. యాభై ఏండ్లు సట్టి గీకినాను, నాకు తెలీదా మాడు? సూడు, రాగిపొట్టు ఎర్రగా ఎట్ల కనపడతాండాదో."

షాపులో లేత్ ఆపేశారు. ఇంజనులో రాగి సంగటి! ఒకడు పగలబడి నవ్వాడు. అత్త నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆ పెల్లనే చూసింది.

"అంటే ఆ పొద్దు పైన నీళ్లు నిండానే ఉండాయి. లోపలికి పోయేకి దోవ లేదు. అంతే గదా?"

"అంతే అత్తా" అన్నాను.

లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. "సంగటికి పులుసు పోసినావు కదరా, సరిపోయింది" అంది. అప్పుడు నవ్వింది. నేను ఇన్నేళ్లలో ఆ నవ్వు చూడలేదు.

ఎవరు పోశారో ఎందుకు పోశారో, పాత సంగతి. తవ్వడం అనవసరం. ఆమె మాట నిజమని తేలింది, చాలు.

మునిరాజు


కుప్పం,
27 ఆగస్టు 1998

బావా!

చాలా? చాలు అంటావా? ఎట్లా రాయగలిగావు ఆ మాట?

ఉత్తరం చదివి తరగతికి వెళ్లాను. తొమ్మిదో తరగతికి ఉష్ణ సంవహనం పాఠం. వేడెక్కిన నీళ్లు పైకి, చల్లని నీళ్లు కిందికి అని బొమ్మ గీస్తుంటే సుద్దముక్క విరిగింది. ఇరవై ఒక్క ఏళ్లు! బడిపిల్లలకు అర్థమయ్యే సంగతి కోసం ఒక్క మగవాడు, ఒక్క మెకానిక్కు ఆ ఇంజను విప్పి చూడలేదు. ఎందుకంటే తీర్పు ముందే సిద్ధంగా ఉంది. ఆడది, అందులో విధవ, నీళ్లు చూసుకోలేదు. సాక్ష్యం ఎవరికి కావాలి?

రాగిపిండి దానంతట అది నడిచి రేడియేటర్లోకి వెళ్లదు. పోసినవాడు ఉన్నాడు. ఎవడికి లాభమో వాడే. అమ్మ కారు ఆగిన రెండు నెలలకు స్టాండులో మొదటి స్థానం ఎవరికి పోయింది? చెంగల్రాయుడికి. ఎవడు రెండో కారు కొన్నాడు? చెంగల్రాయుడు. ఎవడు అమ్మను చూసినప్పుడల్లా "వంటింట్లో పొయ్యి ఆరిపోయిందా మే" అని ఎగతాళి చేసేవాడు? వాడే. వంటింటి పిండినే తెచ్చి పోశాడు, చూడు ఆ తెలివి!

రాస్తున్నాను. రాయకుండా ఉండలేను. నిన్న మొదలుపెట్టి ఇవాళ తెల్లారేలోపు పదహారు పేజీలు. 'ఇంజనులో కుట్ర' అని పేరు. మన పత్రిక అక్టోబరు సంచికకు ఇస్తాను. వాడి పేరుతో సహా వేస్తాను. ముసలివాడైపోయాడని జాలి పడను. అమ్మ ముసలిదైపోలేదా?

ఆ పెల్లలు పారెయ్యకు. సీసాలో వేసి మూత బిగించు.

కమలాక్షి


మదనపల్లె,
13 సెప్టెంబరు 1998

కమలాక్షికి,

పెల్లలు హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. అత్తే వేసింది. అల్మారాలో దేవుడి పటం పక్కన పెట్టింది.

ముందు పని సంగతి విను, ఎందుకంటే నాకు నిద్ర పట్టడం లేదు, సంతోషంతోనే అనుకో. ఇనుమును కుడుతున్నాను! గుడ్డను కుట్టినట్టే. సూదీ దారం బదులు డ్రిల్లూ పిన్నూ. నిప్పు లేదు, వెల్డింగు లేదు, ఇనుముకు తెలియకుండా చేసే పని.

పగులు రెండు కొసల్లో ముందు చిన్న చిల్లులు వెయ్యాలి, అది ఇంక పాకకుండా. కింది కొస సులువు. పై కొస ఏడో అంకె కిందది. డ్రిల్లు ఒక వెంట్రుక జారితే నంబరు పోతుంది. కరెంటు డ్రిల్లు నమ్మలేక చేతితో తిప్పేది తీశాను. అత్త టార్చిలైటు పట్టుకుంది. "వణక్కురా" అంది. "నేను వణకడం లేదు అత్తా, లైటు వణుకుతోంది" అన్నాను. "నా చెయ్యి స్టీరింగు పట్టిన చెయ్యి, అది వణకదు. నీదే" అంది. నిజమే, నాదే. ఊపిరి బిగబట్టి తిప్పాను. పడింది చిల్లు. ఏడు అట్లాగే ఉంది! పనివాళ్లు ఈలలు వేశారు.

ఇక కుట్టు. పగులు మీద ఒక చిల్లు, దానికి మర, అందులో మెత్తటి ఇనుప పిన్ను బిగించి తల కొయ్యడం. పక్క చిల్లు ఆ పిన్నును మూడో వంతు కొరుక్కుంటూ వెయ్యాలి, అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అట్లా జానెడు పొడవునా. రోజుకు నాలుగైదు కంటే వెయ్యలేను. ఇప్పటికి ముప్పై ఎనిమిది. అత్త లెక్కపెడుతోంది, నేను కాదు. మధ్యలో అడ్డంగా ఇనుప పట్టీల బందులు కూడా దిగ్గొట్టాలి.

ఇంతకాలం ఈ పని రాదని కాదు నేను చెయ్యనిది. వచ్చు.

ఆ వ్యాసం ఆపు. చెంగల్రాయుడు చెడ్డవాడే, నోటి దురద ఉన్నవాడే. కానీ పిండి అతను పోశాడని నువ్వు చూశావా?

మునిరాజు


కుప్పం,
17 సెప్టెంబరు 1998

బావా,

చూడలేదు. అమ్మ రేడియేటర్లో నీళ్లు చూసుకోకపోవడం స్టాండు వాళ్లు చూశారా? చూడకుండానే తీర్పు చెప్పలేదా? వాళ్లకు లేని న్యాయసూక్ష్మం నేనొక్కదాన్నే మొయ్యాలా?

ఆపను. ప్రెస్సుకు ఇచ్చేశాను. ఇరవై ఎనిమిదిన అచ్చుకు వెళుతుంది. ఆపాలంటే నీ దగ్గర కారణం ఉండాలి. మంచితనం కారణం కాదు. మగవాళ్లు ఒకరినొకరు కాచుకోవడాన్ని నేను మంచితనం అనను.

ముప్పై ఎనిమిది చదివి బడి వరండాలో ఒంటరిగా చప్పట్లు కొట్టాను. అది వేరే సంగతి.

కమలాక్షి


మదనపల్లె,
22 సెప్టెంబరు 1998

కమలాక్షికి,

యాభై ఏడు పిన్నులు. ఇవాళ మధ్యాహ్నం చివరిది బిగించాను. నీళ్ల దారులన్నీ బిళ్లలతో మూసి, లోపల నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెట్టాం. ఇరవై మూడో పిన్ను దగ్గర చెమట బొట్టులా ఒక చుక్క. చిన్న సుత్తితో మెల్లగా తట్టి మళ్లీ పెట్టాం. గంట గడిచింది. రెండు గంటలు. పైన మళ్లీ రాసిన సుద్దపొడి తెల్లగా, పొడిగా అట్లాగే ఉంది. షాపు షాపంతా కేకలు! అత్త అందరికీ మిక్చరు తెప్పించింది.

నేను మాత్రం వెనక్కి పోయి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఇంక దాక్కోవడానికి పని మిగల్లేదు.

కారణం కావాలన్నావు. పిండి పోసింది నేను.

నాకప్పుడు ఇరవై నాలుగు. అత్త కారుకు నేనే కదా మెకానిక్కు, పెద్ద మొనగాణ్ణి అనుకునేవాణ్ణి. రేడియేటరు కింద కారుతోంది. పలమనేరు తీసుకుపోయి అతికించుకు రమ్మని అత్త రెండు రోజుల ముందే పంపింది. నేను సినిమాకు పోయాను, అంగడి మూశారని అబద్ధం చెప్పాను. ఆ రోజు వేకువన సోమల కేసు వచ్చింది. నీళ్లు కారడం ఆపాలి. లారీ డ్రైవర్లు దారిలో చిటికెడు పసుపో, రెండు చెంచాల రాగిపిండో వేస్తారని విన్నాను. అది చిల్లు దగ్గర ఇరుక్కుని ఆగుతుంది. రెండు చెంచాలు వేశాను. ఆగలేదు. ఇంకో గుప్పెడు. ఆగలేదు. అత్త చీర మార్చుకుని వచ్చేలోపు కొలిచే పడి నిండా ఉన్న పిండి మొత్తం పోసేశాను. ఆగింది! నా తెలివికి నేనే మురిసిపోయాను. అత్త వచ్చి మూత తీసి చూసుకుంది. నేను పక్కనే ఉన్నాను. నీళ్లు నిండానే ఉన్నాయి.

గుట్ట ఎక్కేసరికి ఆ నీళ్లు ఎసరయ్యాయి.

సాయంత్రం స్టాండులో అందరూ చేరారు. చెప్పేద్దామని నోరు తెరిచాను, ఒట్టు. అప్పుడు చెంగల్రాయుడు అన్నాడు, "ఆడదాని సేతికి స్టీరింగు ఇస్తే ఇంతేనప్పా, ఎసరు పెట్టుకొని వచ్చినాది." అందరూ నవ్వారు. కమలాక్షీ, నేనూ నవ్వాను. అత్త అక్కడే, కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఒకసారి నవ్విన తర్వాత చెప్పడం కుదరలేదు. మర్నాడు కుదరలేదు. ఏడాదికి కుదరలేదు. మదనపల్లె వచ్చి లేత్ పని నేర్చుకున్నాను, ఎప్పుడో ఒకనాడు దాన్ని బాగుచేసి చెబుదామని. నేర్చుకున్నాక ఆ కారు మొహం చూడలేకపోయాను.

కొత్త బ్లాకు తెస్తానన్నది ఎందుకో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. నంబరుతో పాటు నా సంగటి కూడా తూకానికి పోయేది.

చెంగల్రాయుడి పేరు తీసెయ్యి. నా పేరు పెట్టుకో.

మునిరాజు


కుప్పం,
26 సెప్టెంబరు 1998

మునిరాజుకు,

బావా అని రాయబోయి ఆగాను. ఈ ఉత్తరానికి ఇట్లాగే ఉండనీ.

నిన్న సెలవు పెట్టి ప్రెస్సుకు వెళ్లి అచ్చు ఫారం ఆపించాను. కట్టిన పేజీలు విప్పుతూ కంపోజిటరు గొణిగాడు. పదహారు పేజీలు చేతిలో పట్టుకుని బస్సులో కూర్చున్నాను. కుప్పం వచ్చేదాకా నిన్ను తిట్టాను. వచ్చాక నన్ను. ఇంజను విప్పకుండా తీర్పు చెప్పారని వాళ్ల మీద పదహారు పేజీలు రాశాను, నేను విప్పి చూసిందేమిటి? పైగా, కొట్టు నంబరు, సుత్తి నేను పట్టుకుంటాను అన్నది నేనే. నువ్వు భయంతో అన్నావు, నేను సిద్ధాంతంతో అన్నాను. ఇద్దరం కలిసి అమ్మ సాక్ష్యాన్ని పాత ఇనుముకు అమ్మబోయాం.

అయినా వాదన వదిలేశాననుకోకు. పిండి పొరపాటు. నువ్వు కుర్రతనంలో చేశావు, సరే. నవ్వు పొరపాటు కాదు. ఆ స్టాండులో ఎవరూ కుట్ర పన్నలేదు, పన్నాల్సిన పనే పడలేదు. ఒక్క మాట, పదిమంది నవ్వు, ఒక మనిషి పని ఇరవై ఒక్క ఏళ్లు ఆగిపోయింది. నేను మళ్లీ రాస్తాను. ఆ నవ్వు గురించే రాస్తాను. అందులో నువ్వుంటావు, చెంగల్రాయుడూ ఉంటాడు, ఉన్నంత మేరకే.

అమ్మకు నేను చెప్పను. చెప్పాల్సిన నోరు నీది. ఇంజను మోగిన రోజే చెప్పు. అది మోగకముందు చెబితే నువ్వు పారిపోతావు.

కమలాక్షి


మదనపల్లె,
16 నవంబరు 1998

కమలాక్షికి,

నిన్నటి ఆదివారం సంగతి మొత్తం రాస్తున్నాను. 

పొద్దున ఎనిమిదికి సెల్ఫు తిప్పింది అత్త. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది! కమలాక్షీ, ఆ మోత! నా చెవులకు వినపడకపోయినా చెయ్యి బ్లాకు మీద పెడితే తెలుస్తోంది, నాలుగు సిలిండర్లూ ఒక దాని వెనక ఒకటి, వేళ్ల కింద. యాభై ఏడు పిన్నులూ పొడిగా ఉన్నాయి.

ఆ మోతలోనే చెప్పేశాను. పిరికివాణ్ణి కదా, వినపడకపోతే బాగుండునని. అత్త నా మూతి చూసింది. తాళం తిప్పి ఇంజను ఆపింది. "ఇప్పుడు సెప్పు" అంది.

చెప్పాను. సినిమా నుంచి పడి పిండిదాకా.

"పడా?" అంది. "పడి పిండి పోస్తివా? పదిమందికి సంగటి అయ్యేది కదరా పాపిష్టోడా!" నా పనివాళ్లు మెల్లగా బయటికి పోయారు. "పిండి సరే" అంది చివరికి. "ఆ పొద్దు స్టాండులో నవ్వినావు. నేను సూసినాను. వాళ్లంతా నవ్వితే నాకేం గాలేదు. నువ్వు నవ్వితే, వీడికి బండి గురించి తెలుసు, వీడు గూడా నవ్వుతాండాడంటే నేనే నీళ్లు సూడలేదేమో అనుకుంటి. ఇన్నేండ్లు నా కండ్లను నేనే నమ్మలేదురా మునీ."

కాళ్ల మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అవన్నీ వద్దు. ఎక్కు. పక్క సీట్లో కూసో. క్యానుకు నీళ్లు పట్టుకో."

"యాడికి అత్తా?"

"పుంగనూరు. స్టాండుకి."

బెంగుళూరు టోపీ ఆయన జాబు అప్పటికే వచ్చి ఉంది, కుట్టిన బ్లాకైనా ఒరిజినలే, నంబరు చెక్కుచెదరలేదు కదా, తప్పక రమ్మని. అది చూపిస్తే, "బెంగుళూరు తర్వాత. ముందు పుంగనూరు" అంది.

తోలింది. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత స్టీరింగు పట్టిన మనిషి, ఊరు దాటేదాకా రెండో గేరులో, తర్వాత చూడాలి! ఎదురొచ్చే టమేటా లారీలకు హారను కొట్టి దారి ఇప్పించుకుంది. ఐదు మైళ్లకొకసారి ఆపి, "దిగు, పగులు సూడు" అంటుంది. దిగుతాను, చూస్తాను, ఎక్కుతాను. పొడిగా ఉంది. మళ్లీ పద.

స్టాండులో ఇప్పుడన్నీ జీపులు. కారును సరిగ్గా పాత చోటులో, మొదటి స్థానంలో ఆపింది. జనం మూగారు. టీ అంగడి బెంచీ మీద చేతికర్ర పట్టుకుని చెంగల్రాయుడు. చూపు ఆనదు, కానీ మోత గుర్తుపట్టాడు. "బయ్యమ్మ బండి కదప్పా ఇది?" అన్నాడు.

అత్త నా వైపు చూసింది. దిగాను. పదిమందిలో, గట్టిగా, నా షాపులో అరిచినంత గట్టిగా చెప్పాను. ఆ రోజు పిండి పోసింది నేననీ, అత్త తప్పు ఇసుమంత లేదనీ, నీళ్లు నిండానే ఉన్నాయనీ, తెలిసి కూడా మీతో పాటు నవ్వాననీ. కొత్త కుర్రాళ్లకు ఏమీ అర్థం కాలేదు. పాతవాళ్లు ముగ్గురు తల దించుకున్నారు.

చెంగల్రాయుడు దించుకోలేదు. కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "మాటలు యాల, మూత తియ్యి, సూస్తా" అన్నాడు. అదే మొండితనం. నేను బానెట్టు ఎత్తి మూత మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఆగు" అంది అత్త. "ఏడి మీద తీయకూడదు. అర్ధగంట కూసోండి అందురూ. ఆ పొద్దు నాకు ఆగేకి కుదర్లేదు. ఇప్పుడు తొందరేముండాది?"

కూర్చున్నాం. నిజంగా, స్టాండు మొత్తం. టీలు వచ్చాయి. అత్త బానెట్టు పక్కన నిలబడే తాగింది. ఎవరో ఎక్కడికో పోవాలని జీపు కోసం వస్తే, "రోంచేపు ఉండప్పా, ఈడ ఒక పని ఉండాది" అని ఆపారు. అర్ధగంట తర్వాత అత్తే గుడ్డ వేసి మూత తీసింది.

చెంగల్రాయుడు వంగాడు. కళ్లు కనపడవు కదా, వేలు ముంచాడు. మొదటి గణుపు కూడా లోపలికి పోకముందే నీళ్లు తగిలాయి. ఆ తడి వేలు అట్లాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"నిండానే ఉండాయి మే" అన్నాడు.

అత్త మూత బిగించింది. నన్ను ఎక్కమంది.

వచ్చే ఆదివారం కుప్పం వస్తుందట. దారి నాకు తెలుసులే అంది. నేను పక్క సీటు, నీళ్ల క్యాను. మీ బడి గేటు వెడల్పు కొలిచి రాయి.

మునిరాజు